ఎంజీబీ ఇంజన్ రీబిల్డ్ కేస్ స్టడీ: నెల్లూరులో అయిన ఖర్చు, దాని వెనక కొలతలు

బండి 1967 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటిష్ వాళ్ల రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బొరేటర్లు, అయిదు మెయిన్ బేరింగుల క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్టు). కొత్తలో 95 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్. ఓనరు నెల్లూరు ఆయన, బండి చెన్నైలో కొన్నారు. యాక్సిలరేటర్ వదిలితే నీలం పొగ, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ మూడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర చదరపు అంగుళానికి 25 పౌండ్లు, గూడూరు దాటేలోపు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదకి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి స్టాండర్డ్ కంటే చురుగ్గా చేయమన్నారు. వేసవిలో హైవే మీద చెన్నై వెళ్లి రాగలగాలన్నది షరతు.

మొత్తం ఎంతవుతుందన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్నే. విప్పి కొలవకముందు దీనికి ఒకే అంకె చెబితే అది ఊహే. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు కేటలాగులో చూసి కూడితే రెండు లక్షలు కూడా దాటదు. ఓనర్లు ఆ లెక్క మనసులో పెట్టుకుని వస్తారు, సగం పనిలో ఉండగా గొడవ మొదలవుతుంది. అందుకే మా వర్క్‌షాపులో మేము రెండు దశల్లో రాసిస్తాం. మొదటి దశలో ఇంజన్ దించడం, విప్పడం, కడగడం, కొలవడం, దీనికి 25,000. కొలతల కాగితం చేతికొచ్చాకే రెండో దశ కొటేషన్. ఈ బండికి ముందుగా చెప్పింది మూడున్నర నుంచి అయిదున్నర లక్షలు. చివరికి 5,15,000 అయింది. ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా.

మన ప్రాంతంలో ఈ ఇంజన్‌కి ఒక అనుకూలత ఉంది. ఇది బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా అదే కుటుంబం. రెండింటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. అంబాసిడర్ బోరు (సిలిండర్ వ్యాసం) 73, ఎంజీబీది 80.26. రాకర్ షాఫ్టు, పుష్‌రాడ్లు, పక్కన టాపెట్ కవర్లు, ఒకే వైపు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు... అంబాసిడర్ మీద పనిచేసిన పాత మేస్త్రీకి ఇందులో కొత్తగా కనిపించేది తక్కువ. స్పానర్లు కూడా అవే అంగుళాల సెట్టు. అలాగని అంబాసిడర్ పిస్టన్లో, బేరింగులో దీనికి పడతాయని ఎవరైనా చెబితే వినకండి. దాని క్రాంకు మూడు బేరింగులది. కలిసొచ్చేది పనితనం, విడి భాగాలు కాదు. అవి ఇంగ్లండు నుంచే రావాలి.

విప్పకముందు తేలినవి

కంప్రెషన్ వరసగా 150, 95, 100, 140 పౌండ్లు. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 1, 4 సిలిండర్లు 165కి ఎక్కాయి. 2, 3 పెద్దగా కదల్లేదు. రెండు చివరలా ఉన్న 1, 4లో రింగులు, బోరు అరిగాయి. మధ్య రెండిట్లో లీకు పైనే ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ కాలిందనుకోవడం సహజం. గాలి ఎక్కించి వింటే సైలెన్సర్ గొట్టంలో బుస వినిపించింది, పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో వినిపించలేదు. కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులే.

దీనికి కారణం హెడ్డు (సిలిండర్ల పైన బిగించే, వాల్వులుండే మూత) నిర్మాణంలోనే ఉంది. బీ సిరీస్ హెడ్డులో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ ఒకే పోర్టులోంచి బయటికి పోతుంది. హెడ్డు మొత్తంలో ఎక్కువ కాగేది ఆ చోటే. పాత రోజుల్లో పెట్రోల్‌లోని సీసం వాల్వుకీ, అది వచ్చి మూసుకునే సీటుకీ మధ్య పొరలా నిలిచి సీటును కాపాడేది. 2000 నుంచి మన దేశంలో సీసం ఉన్న పెట్రోల్ లేదు. గట్టి సీటు లేని ఇనుప హెడ్డులో వాల్వు కొట్టుకుంటూ సీటులోకి దిగిపోతుంది. దిగేకొద్దీ టాపెట్ గ్యాప్ తగ్గుతుంది, చివరికి సున్నా అవుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలుతుంది. టాపెట్ చప్పుడు లేదు, ఇంజన్ మెత్తగా ఉంది అని సంతోషించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇందులో మూడో ఎగ్జాస్ట్ వాల్వు ఒకటిన్నర మిల్లీమీటర్లు దిగిపోయింది.

కొలతలు

బ్లాకు ఇంతకుముందే ఒకసారి ఇరవై థౌ బోరింగ్ అయింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, లేత్ షాపుల్లో ఇప్పటికీ ఈ లెక్కే నడుస్తుంది. ఇరవై ఓవర్ సైజ్ అంటే బోరు 80.77 మిల్లీమీటర్లు. మొదటి సిలిండర్ పైభాగంలో ఇంకో ఏడు థౌ అరుగు ఉంది. ఇంతవరకైతే నలభై ఓవర్ సైజుకి వెళ్తే సరిపోయేది. కానీ నాలుగో సిలిండర్‌లో బండి చాలాకాలం కదలకుండా నిలిచినప్పుడు పట్టిన తుప్పు గుంట ఒకటి ఉంది, లోతు దాదాపు 0.3 మిల్లీమీటర్లు. నలభైకి వెళ్తే గోడ నుంచి పోయేది ఒక్కో వైపు 0.25, గుంట మిగిలిపోతుంది. అరవైకి వెళ్తే ఒక్కో వైపు 0.5 పోతుంది, గుంట మాయమవుతుంది. అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడ మందం చూసి, చాలినంత ఉందని తేలాకే అరవై ఖాయం చేశాం. అప్పుడు బోరు 81.79, ఇంజన్ 1868 సీసీ. దీని తర్వాత ఈ బ్లాకుకి లైనర్లే (సిలిండర్లలో దించే కొత్త గొట్టాలు) గతి అని ఓనరుకు కాగితం మీద రాసిచ్చాం.

పిస్టన్లు ముందుగా ఆర్డర్ చేయకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. నలభై సెట్టు తెప్పించి ఉంటే అది షెల్ఫులో ఉండిపోయేది, తిరిగి పంపాలంటే కొరియర్ ఖర్చు వేరే. ఇంకో సంగతి: ఎంజీబీలో ఏళ్లను బట్టి గజన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను) బిగించే పద్ధతి మారింది. మీ రాడ్డు చూసుకుని దానికి సరిపడే పిస్టనే అడగాలి.

క్రాంకు మెయిన్ జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు) అప్పటికే పది థౌ అండర్ సైజులో ఉన్నాయి. రాడ్డు పట్టుకునే రెండో బిగ్ ఎండ్ జర్నల్ ఒకటిన్నర థౌ కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మెయిన్ బేరింగుల సందు నాలుగున్నర థౌ. ఉండాల్సింది ఒకటి నుంచి 2.7 లోపు. ఆయిల్ ప్రెషర్ ఎందుకు లేదో ఇక్కడే సగం తెలిసిపోయింది. మిగతా సగం ఆయిల్ పికప్ జాలీలో దొరికింది. ముందు ఎవరో చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్‌కి బదులు సిలికాన్ పేస్టు దండిగా రాశారు. లోపలికి పొంగింది ముక్కలు ముక్కలుగా ఊడి జాలీకి అతుక్కుని, సగానికి పైగా మూసేసింది. పంపు బాగానే ఉన్నా పీల్చుకోవడానికి ఆయిల్ అందక క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు) బేరింగులు కూడా గీతలు పడ్డాయి. సిలికాన్ వాడాల్సి వస్తే బియ్యపు గింజంత వెడల్పు గీత చాలు.

క్రాంకును గ్రైండింగ్‌కి పంపేముందు మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ చేయించాం. పగులు ఉన్న క్రాంకుకి గ్రైండింగ్ డబ్బు దండగ. తర్వాత ఆయిల్ దారుల ప్లగ్గులు తీయించాం. లోపల కాటుకలా నల్లటి ముద్ద, వేలికి రాసుకుంటే సన్నటి ఇసుక తగులుతుంది. గ్రైండింగ్ పొడి కూడా దీనికి తోడై, కడగకుండా బిగిస్తే మొదటి గంటలోనే కొత్త బేరింగు మీద గీతలు పెడుతుంది. ప్లగ్గులు తీసి, బ్రష్షు దూర్చి, కిరసనాయిలు పిచికారీ కొట్టి, గాలి పట్టాలి. ఇది చేయని షాపుకి క్రాంకు ఇవ్వొద్దు.

నెల్లూరులో ఏది, చెన్నైలో ఏది

ఆటోనగర్‌లో బోరింగ్ షాపులు బాగా పనిచేస్తాయి. లారీలు, ట్రాక్టర్లు, రొయ్యల చెరువుల జనరేటర్లు రోజూ వచ్చే పని. లైనర్ వేసి స్టాండర్డ్ బోరు తీయడంలో వాళ్ల చేయి తిరిగింది. మా అభ్యంతరం ఒక్కటే: ఆ డీజిల్ ఇంజన్లకి పనికొచ్చే వదులు ఈ పిస్టన్లకి ఎక్కువ. ఈ పనికి పిస్టన్ చేతిలో పెట్టి, ప్రతి పిస్టన్‌నీ మైక్రోమీటర్‌తో కొలిచి, దాని కంపెనీ కాగితంలో ఉన్న సందు ప్రకారం ఆ సిలిండర్‌ని హోనింగ్ (రాళ్లతో సన్నగా అరగదీయడం) చేయాలి. పైగా హెడ్డు బిగిస్తే బ్లాకు పైభాగం కొద్దిగా వంపు తిరుగుతుంది కాబట్టి హెడ్డు బదులు టార్క్ ప్లేట్ అనే మందపాటి పలక బిగించి హోనింగ్ చేసేవాళ్లు కావాలి. అందుకే బోరింగ్, క్రాంకు గ్రైండింగ్, బ్యాలెన్సింగ్ చెన్నైలో చేయించాం. బ్లాకు కడగడం, రేడియేటర్ కోర్ మార్పు, వాల్వ్ గైడ్లు, సీట్ల పని నెల్లూరులోనే. క్రాంకు గ్రైండింగ్‌లో జర్నల్ మూలల్లో ఉండే గుండ్రని వంపు పోకూడదని జాబ్ కార్డు మీద రాసి సంతకం తీసుకున్నాం. మూల పదునుగా కోస్తే పగులు అక్కడే పుడుతుంది.

హెడ్డు

రెండో ఎగ్జాస్ట్ సీటు అంచున చిన్న పగులు ఉంది. అల్యూమినియం హెడ్డు తెప్పిద్దామని ఓనరు అడిగారు. దిగుమతితో కలిపి అది లక్ష దాటే ఖర్చు. ముందు వేడి నీళ్లలో మూడు బార్ గాలి పెట్టి చూశాం, బుడగ రాలేదు, అంటే పగులు నీళ్ల దారి దాకా పోలేదు. సీటు వేయడానికి గాడి తవ్వితే ఆ తొలిచిన లోహంతోపాటే పగులు పోయింది. నాలుగు ఎగ్జాస్టులకీ గట్టి సీట్లు, నాలుగు నుంచి అయిదు థౌ బిగువుతో. సీటు వదులుగా పడితే నడుస్తూ ఉండగా ఊడి పిస్టన్ మీద పడుతుంది. కొత్త గైడ్లు, మూడు కోణాల సీట్ కటింగ్, పోర్టుల్లో కాస్టింగ్ గరుకు తీసి గ్యాస్కెట్‌తో సరిచూడటం, అంతే. పోర్టుని అద్దంలా పాలిష్ చేయమని అడుగుతారు. దానికి పెట్టే గంటలు సీటు కింద వంపు సరిచేయడానికి పెడితే లాభం.

కంప్రెషన్ రేషియో దగ్గర కాసేపు వాదన నడిచింది. ఓనరు 10.5 కావాలన్నారు. మే నెలలో ఇక్కడ 43 డిగ్రీలు. బానెట్ కింద కార్బొరేటర్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డు పైనే కూర్చుంటాయి, అవి పీల్చేది ఆ వేడి గాలినే. అలాంటప్పుడు ఎక్కువ కంప్రెషన్ పెడితే లోడు మీద నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి రింగుల మధ్య గట్టు విరుగుతుంది. 9.2కి ఒప్పించాం. లెక్క ఇది: ఒక సిలిండర్ 467 సీసీ. హెడ్డు చాంబర్ 41.5, గ్యాస్కెట్ 4.4, పిస్టన్ పైగుంట 6.5, పిస్టన్ బ్లాకు అంచుకి 0.7 మిల్లీమీటర్లు కిందే ఆగడం వల్ల 3.7, టాప్ రింగు పైన 0.7. మొత్తం 56.8 సీసీ. 467కి 56.8 కలిపి 56.8తో భాగిస్తే 9.2. ఈ అయిదు కొలతలూ సిరంజితో ఆయిల్ పోసి, డయల్ గేజ్‌తో చూసి తీసుకోవాలి. ఎవరో రాసిన అంకె నమ్మి హెడ్డు ఫేసింగ్ చేయించకూడదు, కోసిన ఇనుము తిరిగి రాదు.

బిగింపులో ఆగి చూసినవి

క్యామ్ బేరింగులు నొక్కాక వాటి ఆయిల్ రంధ్రం బ్లాకు రంధ్రంతో కలిసిందో లేదో తీగ దూర్చి చూశాం. క్యామ్ వేళ్లతో తిప్పితే తిరగాలి. బేరింగుల సందు ప్లాస్టిగేజ్‌తో (మధ్యలో నలిగి సందు చూపే ప్లాస్టిక్ దారం) 1.8 నుంచి 2.2 థౌ వచ్చింది. క్రాంకు ముందువెనకల ఆట తొమ్మిది థౌ ఉండేది. ఓవర్ సైజ్ థ్రస్ట్ వాషర్లతో అయిదుకి వచ్చింది. టాప్ రింగు గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు. మెయిన్ క్యాపులు 70, హెడ్డు నట్లు 50 పౌండ్-అడుగుల బిగువు. రాడ్డు బోల్టులు కొత్తవి, వాటి కంపెనీ చెప్పిన బిగువు. పాత రాడ్డు బోల్టులు మళ్లీ వాడి మిగిలించే కొన్ని వేలు ఆరు వేల ఆర్‌పీఎమ్‌కి వెళ్లే ఇంజన్‌లో బ్లాకునే పోగొడతాయి.

ఈ ఇంజన్‌కి చురుకు కోసం వేసిన ఫాస్ట్ రోడ్ క్యామ్ వాల్వులను ఎక్కువ ఎత్తుతుంది. హెడ్డు ఫేసింగ్ కూడా అయితే ఎగ్జాస్ట్ వాల్వు బ్లాకు అంచుకి తగలొచ్చు. కొన్ని బీ సిరీస్ బ్లాకులకి అక్కడ గుంట ఉంటుంది, కొన్నిటికి ఉండదు. బంకమట్టి పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పితే మట్టి మందమే సమాధానం. ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే గుంట కొట్టాలి. ఇక్కడ రెండు చోట్ల కొట్టాల్సి వచ్చింది.

నీళ్ల దారి గురించి కొంచెం నొక్కి చెప్పాలి. కోర్ ప్లగ్గులు పీకితే నాలుగో సిలిండర్ వెనక అట్టకట్టిన సున్నం, తుప్పు మట్టి. తీరం వెంబడి బోరు నీళ్లు రేడియేటర్‌లో పోసే అలవాటు వల్ల వచ్చింది ఇది. వేడి సమస్యకి అసలు కారణం ఇదే, ఫ్యాను మార్చి రేడియేటర్ పెద్దది పెట్టి ఉంటే డబ్బు పోయేదే తప్ప ముల్లు దిగేది కాదు. కమ్మీతో గీకి, కడిగి, ఇత్తడి ప్లగ్గులు వేశాం. 74 డిగ్రీల థర్మోస్టాట్, డిస్టిల్డ్ వాటర్‌లో మూడోవంతు కూలెంట్. థర్మోస్టాట్ పీకేసి నడపడం మాత్రం వద్దు.

ఖర్చు

దిగుమతి భాగాలు 2,06,500. ఇందులో పిస్టన్లు, రింగులు 52,000, క్యామ్, ఫాలోయర్లు (క్యామ్ మీద కదిలే టాపెట్లు) 31,000, వాల్వులు, గైడ్లు, స్ప్రింగులు, సీట్లు 21,000, అన్ని బేరింగులు, థ్రస్ట్ వాషర్లు 19,500, క్లచ్ 15,500, కార్బొరేటర్ల స్పిండిళ్లు, జెట్లు, నీడిళ్లు 15,000, రాడ్డు బోల్టులు, హెడ్డు స్టడ్డులు 14,000, రాకర్ షాఫ్టు, బుష్షులు 12,500, గ్యాస్కెట్లు, సీళ్లు 9,500, డబుల్ టైమింగ్ చైన్ సెట్టు 8,500, ఆయిల్ పంపు 8,000. వీటి మీద కొరియర్, కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్‌టీ కలిపి 94,000. అంటే సరుకు ధరలో నూటికి నలభై అయిదు. ఓనర్ల లెక్కల్లో ఎప్పుడూ కనిపించని అంకె ఇదే. భాగాలు విడతలుగా తెప్పిస్తే ఇది ఇంకా పెరుగుతుంది, కొలతలన్నీ అయ్యాక ఒకే పెట్టెలో తెప్పించాలి.

మెషిన్ షాపు పనులన్నీ కలిపి 69,000. హెడ్డు 24,000, బ్యాలెన్సింగ్ 9,500, బోరింగ్, హోనింగ్ 9,000, క్రాంకు గ్రైండింగ్ 7,500, రాడ్లు 6,500, కడగడం 4,500, బ్లాకు ఫేసింగ్ 4,000, క్రాక్ టెస్టులు 4,000. రేడియేటర్, హోసులు, ఇగ్నిషన్, ఆయిళ్లు 48,500. చెన్నై రవాణా 12,000. మా కూలి, మొదటి దశ 25,000తో కలిపి, 85,000.

తగ్గించాలంటే తగ్గే చోట్లు ఉన్నాయి. స్టాండర్డ్ క్యామ్ ఉంచి, ఫాలోయర్లు మాత్రం మార్చి, పోర్టుల పని వదిలేస్తే దిగుమతి ఖర్చుతో సహా యాభై వేల దాకా మిగులుతుంది. బండి రోజూ హైవే ఎక్కకపోతే అదే మంచి నిర్ణయం. వెబర్ కార్బొరేటర్లు కూడా అడిగారు, వద్దన్నాం. మానిఫోల్డుతో కలిపి లక్షకు తక్కువ కాదు, ఈ క్యామ్‌కి హెచ్ఎస్4లు చాలు. బ్యాలెన్సింగ్, క్రాక్ టెస్ట్, కడగడం మాత్రం కోయకూడని పద్దులు. మూడూ కలిపి 18,000.

స్టార్టింగ్, ట్యూనింగ్

ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు క్యామ్ నుంచే తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ తీసి డ్రిల్లుతో తిప్పి ప్రెషర్ తెప్పించే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఆయిల్ కూలర్ హోసు దగ్గర నుంచి ప్రెషర్ డబ్బాతో ఆయిల్ ఎక్కించాం, తర్వాత ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పితే గేజ్ 50 చూపించింది. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించాం.

అంటుకున్న క్షణం నుంచి ఇరవై నిమిషాలు 2000 నుంచి 2500 మధ్య ఉంచాలి, ఐడిలింగ్ వద్దు. క్యామ్ మొనలకి ఆయిల్ ఎగజిమ్మి అందేది ఆ వేగంలోనే. జింకు, ఫాస్ఫరస్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయాలి. ఇప్పటి పల్చటి ఆయిళ్లలో ఫాస్ఫరస్ తగ్గించారు, ఇలాంటి ఫ్లాట్ టాపెట్లకి అది చాలదు. క్యామ్ మొన అరిగిపోతే ఆ ఇనుప పొడి కొత్త బేరింగుల్లోకే పోతుంది. ఇరవై నిమిషాలయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చాం. చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు క్యామ్ కంపెనీ కార్డు ప్రకారం పెట్టాం.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి రెండు జాగ్రత్తలు. పాత రబ్బరు హోసులు మెత్తబడి పొరలుగా ఊడతాయి, అన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాం. రెండోది మిశ్రమం. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి పాత నీడిళ్లతో (కార్బొరేటర్‌లో పెట్రోల్ పాలు నిర్ణయించే సూదులు) ఇంజన్ లీన్‌గా, అంటే పెట్రోల్ పాలు తక్కువై నడుస్తుంది, వేడెక్కుతుంది. రిచ్ నీడిల్ ఎంచుకోవడానికి ఎగ్జాస్ట్‌లో సెన్సర్ పెట్టి చూసేటప్పుడు మీటరుని లాంబ్డాలో (ఇంధనం ఏదైనా పూర్తిగా కాలడానికి సరిపడే గాలిని 1గా చూపే కొలత) పెట్టాలి. పెట్రోల్‌కి చెప్పే గాలి-ఇంధనం పాళ్ల అంకెలు ఈ మిశ్రమానికి తప్పుదారి పట్టిస్తాయి. పూర్తి లోడు మీద 0.87 దగ్గర నిలిపాం. స్పార్కు ముందుగా పడే మెకానికల్ అడ్వాన్స్ మొత్తం 32 డిగ్రీలు.

రింగులు కుదురుకోవడానికి కావలి వైపు హైవే మంచిది. నాలుగో గేరులో రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా గట్టిగా లాగించి, కాలు తీసి, మళ్లీ లాగించాలి. మెల్లగా ముద్దుగా నడిపితే బోరు గోడలు నున్నబడిపోయి రింగులు కూర్చోవు, పొగ మళ్లీ మొదలవుతుంది. 800 కిలోమీటర్లకి చూసినప్పుడు కంప్రెషన్ నాలుగింటికీ 170 నుంచి 175 మధ్య. వేడి మీద ఆయిల్ ప్రెషర్ మూడు వేల దగ్గర 60, ఐడిలింగ్‌లో 20. మధ్యాహ్నం ఎండలో ముల్లు 85 దాటలేదు. టాపెట్లలో మూడో ఎగ్జాస్ట్ గ్యాప్ మారలేదు, కొత్త సీటు నిలిచినట్టే. తర్వాతి ఆయిల్ మార్పు 2,500కి, టాపెట్లు 5,000కి చూడాలి. గ్యాప్ తగ్గుతున్నట్టు కనిపిస్తే సర్ది వదిలేయకుండా బండి తీసుకురమ్మని ఓనరుకు చెప్పాం.